నాలుగు యూఎస్‌బీ కెమెరాల్లో మూడోది ఆన్ కావట్లేదు: "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" (మిర్చి గ్రేడింగ్ బెల్టు)

మిర్చియార్డు_వరంగల్:

అన్నలందరికీ నమస్తే. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే తేజ, వండర్ హాట్ మిర్చిలో తాలు కాయలను (రంగు వెలిసినవి), తొడిమ ఊడిన కాయలను గుర్తుపట్టే చిన్న బెల్టు తయారుచేస్తున్నాం. బెల్టు వెడల్పు 60 సెంటీమీటర్లు, వేగం సెకనుకు 30 సెంటీమీటర్లు. పైన రెండు కెమెరాలున్నాయి, ఒక్కోటి సగం వెడల్పు చూస్తుంది. రెండు పక్కల నుంచి వాలుగా ఇంకో రెండు. నాలుగూ ఒకే మోడల్ యూఎస్‌బీ 2.0 వెబ్‌కెమెరాలు, 1280×720 దాకా ఇస్తాయి. వీటిని విడిగా కరెంటు ఉన్న యూఎస్‌బీ 3 హబ్‌కు పెట్టి, హబ్‌ను రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) నీలం పోర్టుకు పెట్టాం. కోడ్ పైథాన్, ఓపెన్‌సీవీ (బొమ్మలను విశ్లేషించే లైబ్రరీ).

సమస్య ఇది. మామూలు సెట్టింగ్‌లో, అంటే 640×480, 30 ఫ్రేములు, యూవైవీవై (కుదించని బొమ్మ) ఫార్మాట్‌లో రెండు కెమెరాలు చక్కగా నడుస్తున్నాయి. మూడోది తెరవగానే స్ట్రీమ్ ఆన్ దగ్గర "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటోంది. కార్డు 64 జీబీ, సగానికి పైగా ఖాళీగానే ఉంది. ఎంజేపెగ్ (ఒక్కో ఫ్రేమును కుదించి పంపే ఫార్మాట్) పెడితే డేటా తగ్గుతుంది కదా అని మార్చి చూశాం. ఇంకా అన్యాయం, ఒక్క కెమెరానే వస్తోంది, రెండోదానికే అదే ఎర్రర్! హబ్ తీసేసి నేరుగా నాలుగు పోర్టులకు పెట్టినా మార్పు లేదు. విడివిడిగా పెడితే ఏ కెమెరాలోనూ లోపం లేదు.

నీలం పోర్టు 5 జీబీపీఎస్ అంటారు. నాలుగు మామూలు కెమెరాలకు అది చాలదా? డేటా తగ్గించిన కొద్దీ కెమెరాలు తగ్గడమేంటి?

హన్మకొండ_లైనక్స్:

తమ్మీ, ఆ 'స్పేస్' కార్డులోది కాదు, యూఎస్‌బీ బస్సులోది, అంటే పరికరాలన్నీ పంచుకునే డేటా దారిలోది. డిస్కు నిండినా బస్సు నిండినా లైనక్స్ ఒకే ఎర్రర్ కోడ్ ఇస్తుంది, అందుకే ఈ తికమక.

వెబ్‌కెమెరాలు ఎక్కువగా ఐసోక్రోనస్ పద్ధతిలో డేటా పంపుతాయి. వీడియో మొదలయ్యే ముందే "ప్రతి 125 మైక్రోసెకన్లకు నాకు ఇన్ని బైట్లు కావాలి" అని కెమెరా అడుగుతుంది. ఉంటే కంట్రోలర్ అంత జాగా దానికి రాసిచ్చేస్తుంది, లేకపోతే అక్కడికక్కడే కాదంటుంది. రాసిచ్చినాక ఆ కెమెరా అంతా వాడుతుందా లేదా అన్నది ఎవరూ చూడరు. ఆర్టీసీ బస్సుల కిటికీలకెళ్లి తువ్వాల వేసి సీటు ఆపుకున్నట్టే. మనిషి ఎక్కినా ఎక్కకున్నా ఆ సీటు ఇంకొకరికి రాదు.

ఇప్పుడు నీ అంకెలు చూద్దాం. యూఎస్‌బీ 2.0 వేగం 480 మెగాబిట్లు. 125 మైక్రోసెకన్ల ముక్కలో అది 7,500 బైట్లు. ఇలాంటి ముందస్తు కేటాయింపులకు అందులో 80 శాతమే వాడనిస్తారు, అంటే 6,000. దీంట్లో కూడా తరుగు ఉంది. తీగమీద వరుసగా ఆరు ఒకట్లు వస్తే మధ్యలో ఒక సున్నా దూర్చాలి, కాబట్టి లెక్కలో ఆరో వంతు అదనంగా పట్టుకుంటారు. ప్యాకెట్ల తలభాగాలు వేరే. చివరికి కెమెరాలన్నిటికీ కలిపి చేతికొచ్చేది సుమారు 5,000 బైట్లు.

యూవైవీవైలో పిక్సెల్‌కు 2 బైట్లు. 640×480 అంటే ఫ్రేముకు 6,14,400 బైట్లు, 30 ఫ్రేములకు సెకనుకు 1,84,32,000. సెకనులో 125 మైక్రోసెకన్ల ముక్కలు 8,000 కాబట్టి ఒక్కో ముక్కకు 2,304 బైట్లు పడుతుంది. కెమెరా సరిగ్గా అంతే అడగలేదు, దాంట్లో మెట్లు ముందే కట్టి ఉంటాయి. 2,304కు పైన చాలా కెమెరాల్లో ఉండే మెట్టు 3 × 800, అంటే 2,400. రెండు కెమెరాలకు 4,800 పోతే మూడోదానికి ఏం మిగులుతది?

ఎంజేపెగ్ సంగతి. కుదించిన ఫ్రేము ఎంత సైజు వస్తుందో ముందు తెలియదు. అందుకని చాలా వెబ్‌కెమెరాల ఫర్మ్‌వేర్ సురక్షితంగా ఉంటుందని గరిష్ఠం అడిగేస్తది: 3 × 1024 = 3,072. రెండు కెమెరాలకు 6,144. ఏ తరుగూ తీయకముందే 6,000 దాటింది. నీకు ఒక్కటే రావడానికి కారణం ఇదే. ఫ్రేము 100 కేబీ అనుకున్నా 30 ఫ్రేములకు సెకనుకు 3 ఎంబీ, ముక్కకు 375 బైట్లు చాలు. ఆపుకున్నది మాత్రం 3,072.

ఇక నీలం పోర్టు. యూఎస్‌బీ 3 తీగలు వేరు, యూఎస్‌బీ 2 జత వేరు, రెండూ ఒకే పోర్టులో పక్కపక్కన ఉంటాయి. నీ కెమెరా యూఎస్‌బీ 2ది, దానికి 5 జీబీపీఎస్ తీగలే అందవు. యూఎస్‌బీ 3 హబ్ లోపల కూడా రెండు హబ్‌లు ఉన్నట్టే లెక్క. నీ నాలుగు కెమెరాలూ దాని యూఎస్‌బీ 2 సగంలోనే కూర్చున్నాయి. పై 4లో నాలుగు పోర్టుల యూఎస్‌బీ 2 జతలూ లోపల ఒకే హబ్‌కు చేరుతాయి కాబట్టి నేరుగా పెట్టినా అదే 480.

నమ్మకం కోసం రెండు పనులు చెయ్. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కు హైఫన్ టీ తగిలించి చూడు, నాలుగూ ఒకే బస్సు చెట్టు కింద 480ఎం అని కనబడాలె. తర్వాత యూవీసీవీడియో (లైనక్స్‌లో వెబ్‌కెమెరా డ్రైవర్) మాడ్యూల్ పారామీటర్లలో 'ట్రేస్'కు 1024 రాసి, కెమెరా ఆన్ చేసి, డీమెసేజ్ (కెర్నల్ సందేశాల జాబితా) చూడు. కెమెరా ఎన్ని బైట్లు అడిగిందో అక్కడ పడుతది. ఆ అంకెలు ఇక్కడ పెట్టు.

మిర్చియార్డు_వరంగల్:

అన్నా, మీరు చెప్పినట్టే ఉంది. నాలుగూ ఒకే బస్సు కింద, అన్నిటికీ 480ఎం. యూవైవీవై 640×480, 30 ఫ్రేములకు 2,400 అడుగుతోంది. ఎంజేపెగ్‌లో 720 లైన్లకు 3,072, 640×480కు తగ్గించినా 3,072, 320×240కు కూడా 3,072. డీమెసేజ్‌లో "నాట్ ఎనఫ్ బ్యాండ్‌విడ్త్ ఫర్ న్యూ డివైస్ స్టేట్", దాని కిందే "నాట్ ఎనఫ్ బ్యాండ్‌విడ్త్ ఫర్ ఆల్ట్‌సెట్టింగ్" (మీరన్న మెట్టు ఇదే అనుకుంటా) అని కూడా ఉన్నాయి. ఇప్పుడు కొత్త సామాను కొనకుండా ఏదైనా దారి ఉందా?

కాజీపేట_కెర్నల్:

ఉంది, కానీ యూవైవీవైతోనే. యూవీసీవీడియో డ్రైవర్‌లో 'క్విర్క్స్' అనే పారామీటర్ ఉంటుంది. దానికి 128 ఇస్తే, కెమెరా అడిగిన అంకెను డ్రైవర్ పక్కనపెట్టి, ఫ్రేము సైజు, ఫ్రేముల సంఖ్య చూసి తనే లెక్క కడుతుంది. కుదించిన ఫార్మాట్లకు ఈ లెక్క వర్తించదు. ఎంజేపెగ్‌లో ఉండి 128 పెట్టి "పనిచేయట్లేదు" అనేవాళ్లే ఎక్కువ, కాబట్టి ముందు ఫార్మాట్ చూసుకోండి.

మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో ఒక కాన్ఫ్ ఫైలు పెట్టి, అందులో 'ఆప్షన్స్', 'యూవీసీవీడియో', 'క్విర్క్స్=128' అని మూడు మాటల ఒకే లైను రాసి రీబూట్ చేయండి. ముందు ఊరికే పరీక్షించాలంటే కెమెరా ప్రోగ్రాములన్నీ ఆపి, మాడ్యూల్‌ను తీసేసి, అదే ఆప్షన్‌తో మళ్లీ ఎక్కిస్తే చాలు.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. డ్రైవర్ లెక్క ఎంత చిన్నది వచ్చినా 1,024 బైట్ల కంటే కిందికి దిగదు. అంతకంటే తక్కువిస్తే చాలా కెమెరాలు తడబడతాయని అలా కట్టేశారు. మీ నాలుగు కెమెరాలకు దీన్నిబట్టి చూస్తే, 640×480లో 10 ఫ్రేములకు లెక్క 856 వస్తుంది, అది 1,024గా మారుతుంది. నాలుగింటికి 4,096. పడుతుంది. 15 ఫ్రేములు పెడితే లెక్క 1,240. కెమెరాలో దాని పై మెట్టు 1,536 అయితే మూడింటికి 4,608, అక్కడితో సరి. నాలుగోది 6,144కు తీసుకెళ్తుంది, రాదు. 320×240 అయితే 30 ఫ్రేముల్లోనూ 1,024 దగ్గరే ఆగుతుంది, నాలుగూ వస్తాయి. కానీ తొడిమ కనబడాలంటే మీకు ఆ సైజు చాలదేమో.

ఓపెన్‌సీవీలో కెమెరా తెరిచేటప్పుడు బ్యాకెండ్ వీ4ఎల్2 (లైనక్స్ వీడియో వ్యవస్థ) అని స్పష్టంగా ఇవ్వండి. ఫార్మాట్, తర్వాత వెడల్పు ఎత్తు, తర్వాత ఫ్రేముల సంఖ్య, ఈ వరుసలో సెట్ చేయండి. అన్నీ మొదటి ఫ్రేము చదవకముందే అయిపోవాలి. సెట్ చేశాక మళ్లీ అడిగి చూసుకోండి, ఎందుకంటే కెమెరా జాబితాలో 10 ఫ్రేములు లేకపోతే చప్పుడు లేకుండా దగ్గర్లోని ఇంకో అంకెకు వెళ్లిపోతుంది, డ్రైవర్ దాన్నిబట్టే లెక్క కడుతుంది. వీ4ఎల్2 కంట్రోల్ టూల్‌లో ఫార్మాట్ల పూర్తి జాబితా తీస్తే ఏయే సైజులో ఏయే వేగాలున్నాయో కనబడుతుంది.

కేటాయింపు మరీ బిగుతుగా ఉంటే కెమెరా లోపలి బఫర్ పొంగి ఫ్రేము సగంలో తెగుతుంది. తెగిన ఫ్రేములను డ్రైవర్ పారేస్తే మీకు వేగం తగ్గినట్టు అనిపిస్తుంది. పారేయకుండా ఇస్తే కింది భాగం ఆకుపచ్చగా వస్తుంది. యూవైవీవైలో సున్నాలన్నీ ఆకుపచ్చ రంగే. పచ్చ పట్టీ కనబడితే కెమెరా పాడైందని అనుకోకండి, ఒక మెట్టు పైకి వెళ్లండి.

కరీంనగర్_విజన్:

పైన ఇద్దరూ బస్సు లెక్క చెప్పారు. నేను బెల్టు లెక్క చెప్తా, ఎందుకంటే మీకు 30 ఫ్రేములు అవసరమే లేదు.

బెల్టు సెకనుకు 30 సెంటీమీటర్లు. 10 ఫ్రేములైతే ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కాయ 3 సెంటీమీటర్లు జరుగుతుంది. మీ బెల్టు పైనున్న కెమెరా వెడల్పులో 30 సెంటీమీటర్లు చూస్తే, బెల్టు నడిచే దిశలో 22.5 సెంటీమీటర్లు చూస్తుంది. అంటే ప్రతి కాయా ఏడు ఫ్రేముల్లో పడుతుంది. నిర్ణయానికి మూడు చాలు. బస్సులో జాగా దొరకనప్పుడు ముందు అడగాల్సింది ఫ్రేములు ఎన్ని కావాలన్నదే.

సైజు తగ్గించడం మాత్రం వేరే సంగతి. 30 సెంటీమీటర్లకు 640 పిక్సెళ్లంటే పిక్సెల్‌కు 0.47 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్ల తొడిమ నాలుగు పిక్సెళ్లు వస్తుంది. 320×240లో అది రెండు పిక్సెళ్లే, తొడిమకూ నీడకూ తేడా తెలియదు. కాబట్టి ఫ్రేములు తగ్గించండి, సైజు తగ్గించొద్దు.

ఇప్పుడు మసక. షట్టర్ 10 మిల్లీసెకన్లు తెరిచి ఉంటే ఆ లోపల కాయ 3 మిల్లీమీటర్లు జరిగిపోతుంది, ఆరు పిక్సెళ్ల మసక. తొడిమ పోయినట్టే. 2 మిల్లీసెకన్లకు దించితే 0.6 మిల్లీమీటర్లు, పిక్సెల్ పైచిలుకు. వీ4ఎల్2లో ఎక్స్‌పోజర్ అంకె 100 మైక్రోసెకన్ల లెక్కలో ఉంటుంది, అంటే 20 పెట్టాలి. ముందు ఆటో ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌కు మార్చండి, లేకపోతే ఆ అంకె తీసుకోదు. వెలుతురు ఐదింతలు కావాల్సి వస్తుంది. ఎల్ఈడీ పట్టీలకు నికరమైన డీసీ సప్లై వాడండి. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. 2 మిల్లీసెకన్ల షట్టర్‌లో ఒక ఫ్రేము తెల్లగా, ఒక ఫ్రేము నల్లగా వస్తుంది. డిమ్మర్ పెట్టినా అదే బాధ.

చీకట్లో ఫ్రేముల వేగాన్ని తనే తగ్గించుకునే కంట్రోల్ ఒకటి ఉంటుంది: ఎక్స్‌పోజర్ డైనమిక్ ఫ్రేమ్‌రేట్. పాత కెర్నళ్లలో ఎక్స్‌పోజర్ ఆటో ప్రయారిటీ అనేవారు. దాన్ని సున్నా చేయండి. సాయంత్రం కాగానే 30 కాస్తా 15 అవుతోంది, బ్యాండ్‌విడ్త్ చాలట్లేదని మొత్తుకునే చోట సగం సార్లు కారణం ఇదే.

వైట్ బ్యాలెన్స్ ఆటో కూడా తప్పకుండా ఆపాలి. బెల్టు నిండా ఎర్రగా ఉంటే కెమెరా ఆ ఎరుపును సరిచేయాలని చూస్తుంది. నిండు బెల్టులో తాలు కాయ ఒక రంగులో, పలచటి బెల్టులో ఇంకో రంగులో కనబడుతుంది. తెల్ల కాగితం పెట్టి ఒకసారి సరిచేసి ఆ అంకె దగ్గరే బిగించేయండి. యూవైవీవైలో రంగు సమాచారం అడ్డంగా సగం పిక్సెళ్లకే ఉంటుంది, కాబట్టి తాలు గుర్తుపట్టేది కాయ అంచులో కాదు, నడుమ భాగంలో చూడండి.

జమ్మికుంట_బెల్ట్:

కొత్త సామాను వద్దన్నారు, అయినా ముందుముందు చపాటా లాంటి లావు రకాలకు బెల్టు వేగం పెంచాలనుకుంటే పనికొస్తది.

రాస్ప్‌బెర్రీ పై 5లో యూఎస్‌బీ కంట్రోలర్లు రెండు, ఒక్కోదానికి ఒక నీలం పోర్టు, ఒక నల్ల పోర్టు. రెండు కెమెరాలు ఒకదానికి, రెండు ఇంకోదానికి పెడితే మీ 2,400ల లెక్కలోనే నాలుగూ 30 ఫ్రేములు నడుస్తయి. ఏ పోర్టు ఏ కంట్రోలర్‌దో రంగు చూసి ఊహించొద్దు, ఎల్ఎస్‌యూఎస్‌బీ చెట్టులో చూడండి. హబ్ పెట్టాల్సి వస్తే రెండు హబ్‌లు పెట్టాలె, కంట్రోలర్‌కు ఒకటి. ఒకే హబ్‌కు నాలుగూ పెడితే మళ్లీ మొదటికే వస్తరు.

అడాప్టర్ చూసుకోండి. పై 5కు 5 ఆంపియర్ల అడాప్టర్ పెడితే యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 1.6 ఆంపియర్లు ఇస్తది. 3 ఆంపియర్లది పెడితే 600 మిల్లీఆంపియర్లకే కట్టేస్తది. నాలుగు కెమెరాలు తలా 200 మిల్లీఆంపియర్లు లాగినా 800 అయితది, ఒకటి ఊడి మళ్లీ తగులుతుంటది. పై 4కు మొత్తం 1.2 ఆంపియర్లు. 'నో స్పేస్' అని వస్తే బ్యాండ్‌విడ్త్, 'డిస్కనెక్ట్' అని వస్తే కరెంటో కేబులో. ఈ రెండూ కలిపి చూస్తే ఎన్ని రోజులైనా తెగదు.

కేబుల్ 5 మీటర్లు దాటొద్దు. మార్కెట్లో దొరికే సన్న ఎక్స్‌టెన్షన్లు రెండు అతికితే 3 మీటర్లకే వోల్టేజీ పడిపోతది. పీసీ ఉంటే, పోర్టుకో కంట్రోలర్ చొప్పున నాలుగు కంట్రోలర్లున్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు ఉంటది. "నాలుగు పోర్టుల కార్డు" అని అడిగితే ఒక్క కంట్రోలర్‌ది చేతిలో పెడతరు, కాబట్టి కంట్రోలర్లు ఎన్నని అడగండి. హన్మకొండలో లేకపోతే సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ సామాను మార్కెట్)లో చూడొచ్చు, డీసీ సప్లైలు, ఎల్ఈడీ డ్రైవర్లకు కోఠి గుజరాతీ గల్లీ.

ఇండస్ట్రియల్ గిగాబిట్ కెమెరాలతో తీగ పొడవు బాధ తీరుతది, కానీ అక్కడా గొట్టం ఒక్కటే. 2448×2048 కెమెరా పిక్సెల్‌కు ఒక బైటు చొప్పున ఫ్రేముకు 5 ఎంబీ, 20 ఫ్రేములకు 100 ఎంబీ. ఒక గిగాబిట్ లైను దాదాపు నిండినట్టే. నాలుగు కెమెరాలను స్విచ్‌కు పెట్టి స్విచ్ నుంచి ఒకే తీగ లాగితే ఆ ఒక్క తీగనే నలుగురూ పంచుకోవాలె.

మిర్చి దుమ్ము మర్చిపోవద్దు. అద్దం మీద ఎర్రటి పొర పడితే తాలు కాయ కూడా ఎర్రగానే కనబడుతది. కెమెరాలను డబ్బాలో పెట్టి ముందు గాజు పలక బిగించండి, పొద్దున, మధ్యాహ్నం తుడవాలె. డబ్బాలో పెట్టినాక ఎండాకాలం వేడి చూసుకోవాలె, రాస్ప్‌బెర్రీ పై కూడా 80 డిగ్రీలు దాటితే తనే వేగం తగ్గించుకుంటది.

మిర్చియార్డు_వరంగల్:

అన్నలూ, క్విర్క్స్ 128, యూవైవీవై, 640×480, 10 ఫ్రేములు. నాలుగూ వచ్చాయి! ట్రేస్‌లో నాలుగు కెమెరాల ఆల్ట్‌సెట్టింగ్‌లూ ఎక్కాయి, ఎర్రర్ లేదు. ఎక్స్‌పోజర్ 20 పెట్టి, 24 వోల్టుల డీసీ పట్టీ వేశాక తొడిమ గీతలా తెలుస్తోంది.

ఇంకో రెండు చిక్కులు. రీబూట్ అయినప్పుడల్లా వీడియో0, వీడియో2 నంబర్లు తారుమారవుతున్నాయి, ఎడమ కెమెరా కుడిది అవుతోంది. రెండోది, నాలుగు బొమ్మలు ఒకే క్షణానివి కావట్లేదు. పైనున్న కెమెరాలో కనబడిన కాయ పక్క కెమెరాలో ముందుకు జరిగి ఉంటోంది.

హన్మకొండ_లైనక్స్:

నంబర్లను నమ్మొద్దు. ఒక్కో కెమెరాకు రెండు నోడ్‌లు (వీడియో0 లాంటి పేర్లు) వస్తాయి, ఒకటి బొమ్మ, ఒకటి మెటాడేటా. ఏది ముందు లేస్తే దానికి ముందు నంబరు. డెవ్ ఫోల్డర్‌లో వీ4ఎల్ కింద 'బై పాత్' అని ఉంటది, అందులో పేర్లు పోర్టును బట్టి స్థిరంగా ఉంటాయి. చివర 'ఇండెక్స్0' ఉన్నది తీసుకో. 'బై ఐడీ' వద్దు, ఒకే మోడల్ కెమెరాలకు సీరియల్ నంబరు లేకపోతే నాలుగింటికీ అదే పేరు పడి ఒకదాన్నొకటి తుడిచేసుకుంటాయి. పోర్టుల మీద ఎడమ, కుడి అని స్టిక్కర్ అంటించు, ఎవరైనా తీసి పెట్టినా మళ్లీ అక్కడే పెట్టాలె.

ఒకే క్షణం బొమ్మలు వెబ్‌కెమెరాలతో రావు, వాటికి బయటి నుంచి ట్రిగ్గర్ ఇచ్చే తీగ లేదు. 10 ఫ్రేముల్లో రెండు కెమెరాల మధ్య తేడా 100 మిల్లీసెకన్ల దాకా ఉండొచ్చు, నీ బెల్టు మీద అది 3 సెంటీమీటర్లు. కోడ్‌లో నాలుగింటికీ ముందు గ్రాబ్ (ఫ్రేము పట్టుకోవడం) మాత్రం చెయ్, ఆ తర్వాతే నాలుగింటికీ రిట్రీవ్ (దాన్ని విప్పి తీసుకోవడం). ఒక్కోదాన్నీ పూర్తిగా చదువుకుంటూ పోతే తేడా ఇంకా పెరుగుతది. బఫర్ల సంఖ్యను కెమెరా ఒప్పుకున్నంత కిందికి దించు, పాత ఫ్రేములు క్యూలో నిలబడొద్దు.

మిగిలిన తేడాను లెక్కతో సరిచేయాలె. డ్రైవర్ ప్రతి ఫ్రేముకూ టైమ్‌స్టాంప్ ఇస్తది. రెండు ఫ్రేముల టైమ్ తేడాను బెల్టు వేగంతో గుణిస్తే కాయ ఎంత జరిగిందో వస్తది, పక్క కెమెరా బొమ్మలో అంత దూరం వెనక్కి చూడు. బరువు పడ్డప్పుడు బెల్టు కొంచెం నెమ్మదిస్తది కాబట్టి వేగాన్ని 30 అని రాసిపెట్టకు, రోలర్ ఇరుసుకు తిరుగుడు కొలిచే ఎన్‌కోడర్ బిగించి అప్పటి వేగం తీసుకో. మోటారు వైపు రోలర్‌కు కాదు, అవతలి చివర తిరిగే ఖాళీ రోలర్‌కు బిగించు. బెల్టు జారితే మోటారు రోలర్ తిరుగుతూనే ఉంటది, కాయలు మాత్రం కదలవు.